ఒమాహా హై-లో: ఫ్లాపు పిదపటి క్రీడావివేకము

ఒమాహా హై-లో యనునది ఏబదిరెండు ముక్కల పేకతో ఆడెడి పోకరు జాతి క్రీడలలో ఒకటి. ఇద్దరు మొదలు తొమ్మిది పదిమంది వరకు కూర్చుండి ఆడదగిన ఈ ఆటలో ప్రతివానికి నాలుగేసి ముక్కలు మూసి పంచబడును. అందరికిని ఉమ్మడియైన ఐదు ముక్కలు బల్ల నడుమ మూడు విడతలుగా తెరవబడును. మొదట ఒక్కసారిగా తెరచెడి మూడు ముక్కలను ఫ్లాపు అనియు, తరువాతి ముక్కను టర్ను అనియు, తుది ముక్కను రివరు అనియు ఆటగాండ్రు వ్యవహరింతురు. పందెపురాశిలో సగము పెద్దచేతికిని సగము చిన్నచేతికిని చెందుట ఈ భేదమునకు ప్రధానలక్షణము. పందెపు మొత్తము ముందుగనే నిర్ణీతమైయున్న రీతిని లిమిట్ ఆట యందురు. ఈ వ్యాసము ఆ రీతికి సంబంధించినది. ఫ్లాపు తెరచిన పిదప ఏ చేతిని నిలుపుకొనవలెను, దేనిని విడువవలెను, ఎప్పుడు పందెము పెంచవలెను అను వివేకమే ఇచట ముఖ్యవిషయము. ఏలయన నేర్పరికిని నేర్పులేనివానికిని గల భేదము ఈ ఆటలో ప్రధానముగా అచ్చటనే కానవచ్చును.

మన పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు ఈ క్రీడకు పుట్టినిల్లు కావు. 1980 దరిదాపులలో రాబర్ట్ టర్నర్ అను ఆటగాడు అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున గోల్డెన్ నగ్గెట్ జూదశాలలో పోకరు విభాగమును నడపుచుండిన బిల్ బాయ్డ్‌నకు దీని మాతృకను పరిచయము చేయగా, ఆ ఆట తొలుత ఆ శాల పేరనే చెలామణి అయినది. పందెపురాశిని రెండుగా పంచెడి పద్ధతి అంతకు ముందే ఇతర పోకరు ఆటలలో ఉన్నదే. దానిని ఒమాహాకు జోడించుటతో హై-లో భేదము ఏర్పడినది. ఐదు పోకరు ఆటలను వరుసగా మార్చి మార్చి ఆడెడి ‘హార్స్’ అను మిశ్రమక్రీడలో రెండవ అక్షరము దీనిదే. ఈ ఆటపై శాస్త్రీయముగా వ్రాసినవారిలో రే జీ పేరు ఆటగాండ్ర నోట తరచు వినబడును.

ఐనను ద్యూతవినోదము ఈ సీమకు అపరిచితము కాదు. హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములలో పార్వతీపరమేశ్వరులు పాచికలాడుచున్న దృశ్యము కలదు. 16వ శతాబ్ది పూర్వార్ధమున, అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండలో కోశాధికారిగా నుండిన విరుపణ్ణ ఆ ఆలయమును కట్టించెనని ప్రసిద్ధి. రాజు అనుమతి లేక బొక్కసపు సొమ్మును వెచ్చించెనన్న అపవాదు ఆయనను స్థానికగాథలలో నేటికిని వెన్నాడుచున్నది గనుక, అట్టివాని గుడిలో పాచికల చిత్రముండుట చూపరులకు కొంత చమత్కారముగా తోపకమానదు. పొరుగుననున్న మైసూరులో మూడవ కృష్ణరాజ ఒడయరు 19వ శతాబ్దిలో గంజీఫా చీట్లతో అనేక నూతనక్రీడలను కల్పించెను. వానిలో పెద్దదానికి 360 చీట్లు కావలెను. అట్టి పాండిత్యమంతయు నేడు వస్తుప్రదర్శనశాలల పాలయినది. నేటి జనులకు పేకాట యన్నచో రమ్మీయే.

రమ్మీ ప్రసక్తి ఇచట అనివార్యము. తెలుగునాట పేకాటలోని నేర్పును గూర్చిన చర్చ న్యాయస్థానమునకెక్కినది ఆ ఆట మూలముననే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో జరిగిన పోలీసు దాడి నుండి పుట్టిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోగా, ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము – కె. సత్యనారాయణ’ అను పేర 1968 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన తీర్పులో, మూడుముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటలోను, ఏ ముక్కను పట్టియుంచవలెనో దేనిని పారవేయవలెనో నిర్ణయించుటలోను గణనీయమైన నేర్పు కావలెననియు న్యాయమూర్తులు నిర్ధారించిరి. ఈ తర్కమును ఒమాహాకు అన్వయించిచూచినచో ఒక చిక్కు ఎదురగును. ఒమాహాలో ముక్కను పారవేసి మఱియొక దానిని తీసికొను సదుపాయము లేదు. పంచిన నాలుగే తుదివరకు ఉండును. పారవేయదలచినచో చేతినంతటిని పారవేయవలసినదే. కాబట్టి రమ్మీలో పదిసార్లు పదిచోట్ల వెల్లడి కాగల నేర్పు ఇచట ఒక్క ప్రశ్నలో, ఉండుటయా పోవుటయా అను ప్రశ్నలో, కుదించుకొనిపోయి నిలుచును. ఆ ప్రశ్న అత్యంత తీవ్రముగా ఎదురగునది ఫ్లాపు వద్ద.

దానికి కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ఆట ముగియునప్పటికి ఒక్కొక్కనికి సంబంధించిన ముక్కలు తొమ్మిది: చేతిలో నాలుగు, బల్లపై ఐదు. ఫ్లాపు తెరచుసరికి వానిలో ఏడు తెలిసిపోవును. అనగా కథలో ముప్పాతికకు పైగా తెలిసిన తరువాత, ఇంకను అగ్గువ పందెము నడచుచున్న దశలోనే, నిర్ణయము తీసికొను అవకాశము ఆటగానికి లభించుచున్నది. లిమిట్ ఆటలో మొదటి రెండు విడతల పందెము ఒక మొత్తమైనచో తరువాతి రెండు విడతలకు దానికి రెట్టింపు. ఉదాహరణకు 10–20 ఆటలో ఫ్లాపు వరకు పందెము 10, టర్ను నుండి 20. ఒక్కొక విడతలో ఒక పందెమును, సాధారణముగా దానిపై మూడు పెంపులును మాత్రమే అనుమతింపబడును. కాబట్టి ఎదిరిని ఒక్క పెద్దపందెముతో భయపెట్టి తరిమివేయుట అను విద్య ఇచట చెల్లదు. లెక్క తెలిసినవానిదే పైచేయి.

లెక్కకు ముందు నియమము. ప్రతివాడును తన చేతిలోనుండి సరిగా రెండు ముక్కలను, బల్లనుండి సరిగా మూడింటిని తీసికొని ఐదు ముక్కల చేయి కూర్పవలెను. ఎక్కువ కూడదు, తక్కువ కూడదు. బల్లపై నాలుగు ఇస్పేట్లు మెరయుచున్నను, చేతిలో ఇస్పేటు ఆసు ఒక్కటే యున్నవానికి ఫ్లష్, అనగా ఒకే జాతి ఐదు ముక్కల కూర్పు, లేదు. అలవాటుపడిన ఆటగాడు సైతము ఈ స్థలమున తడబడి నవ్వులపాలగుట కలదు. పెద్దచేతికి వాడిన ముక్కలు వేరు, చిన్నచేతికి వాడిన ముక్కలు వేరు కావచ్చును. చిన్నచేతికి ఎనిమిదియో అంతకు తక్కువవో అయిన ఐదు వేర్వేరు అంకెలు కావలెను. ఆసు అందు ఒకటిగా చెల్లును. వరుస గాని ఫ్లష్ గాని చిన్నచేతికి దోషము కాదు గనుక ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు అన్నింటిలోను ఉత్తమమైన చిన్నచేయి యగుటయే గాక, వరుసగా పెద్దచేతికిని పనికివచ్చును. రెండు చిన్నచేతులను పోల్చునపుడు పైయంకె నుండి క్రిందికి చదువుదురు: ఏడుతో మొదలగునది ఎనిమిదితో మొదలగుదానిని ఓడించును. బల్లపై ఎనిమిదికి లోబడిన మూడు వేర్వేరు అంకెలు పడకున్నచో చిన్నచేయియే ఉండదు. అప్పుడు పందెపురాశి యంతయు పెద్దచేతికే. అట్లు మూడు చిన్న అంకెలు పడుట నూటికి సుమారు 60 ఆటలలో సంభవించును.

ఈ విభజనములోనే క్రొత్తవానిని ముంచెడి భ్రాంతి యున్నది. సగము గెలుచుట గెలుపువలె కనబడును. ముగ్గురు ఆటగాండ్రు తలకు 200 చొప్పున పెట్టిన 600 రాశిలో సగము గెలిచినవానికి 300 వచ్చును, లాభము 100. అంతయు గెలిచినవానికి లాభము 400. ఒకే సొమ్మును ఒడ్డి నాలుగింతల లాభము పొందుట యెక్కడ, ఒక వంతు పొందుట యెక్కడ! రెండు పక్షములను ఊడ్చుకొనిపోవుటకు స్కూప్ అని పేరు. ఫ్లాపు చూచినవాడు తన్ను తాను అడుగవలసిన మొదటి ప్రశ్న ‘నేను గెలుతునా’ అనునది కాదు. ‘నాకు మొత్తము దక్కునా, సగము దక్కునా, సగములో సగము దక్కునా’ అనునది.

ఒక చేతిని సన్నిహితముగా పరిశీలింతము. చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు, ఆఠీను రెండు, డైమను రాణి యున్నవనుకొందము. ఫ్లాపులో ఇస్పేటు నాలుగు, కళావరు ఏడు, ఇస్పేటు జాకీ పడినవి. ఇప్పటికి చేతిలో సిద్ధమైనది ఏమియు లేదు, ఒక జతయైనను లేదు. ఐనను ఇది బలమైన స్థితి. కనబడని ముక్కలు 45. వానిలో ఇస్పేట్లు 9. ఏ ఒక్కటి పడినను ఆసుతో కూడిన ఫ్లష్ ఏర్పడును. మూడు, ఐదు, ఆరు, ఎనిమిది అంకెల ముక్కలు 16. వానిలో ఏది పడినను ఆసు-రెండుతో ఆ క్షణమునకు సాటిలేని చిన్నచేయి సిద్ధించును. ఈ రెండు పట్టికలలోను చేరిన ముక్కలు నాలుగు గనుక, ఏదో ఒక మేలు చేయునవి 21. రెండు ముక్కలు ఇంకను రావలసియుండగా కనీసము ఒక్కటి వచ్చు సంభావ్యత నూటికి 72. ఆ నాలుగు ముక్కలలో, అనగా ఇస్పేటు మూడు, ఐదు, ఆరు, ఎనిమిదిలో, ఏది వచ్చినను రెండు పక్షములును ఒకేసారి వశమగును. ఇట్టి చేతితో పందెము పెంచవచ్చును. ఎందరు వెంటవచ్చిన అంత మేలు.

అదే ఫ్లాపుపై, రాజు డైమనుది, రాణికి బదులు కళావరు తొమ్మిది యున్న చేతిని చూతము: ఇస్పేటు ఆసు, ఆఠీను రెండు, డైమను రాజు, కళావరు తొమ్మిది. చిన్నచేతికి దారి వెనుకటి వలెనే యున్నది. ఆ 16 ముక్కలలో ఒకటి వచ్చు సంభావ్యత నూటికి 59. కాని పెద్దచేతికి ఆధారము శూన్యము. అంతియే కాదు, టర్నులో రెండు పడెనేని చేతిలోని రెండునకు విలువ నశించి, బల్లపై మూడు చిన్న అంకెలున్నను తనకు చిన్నచేయి లేకపోవును. ఆసు-మూడు పట్టుకొని మూలను కూర్చున్నవాడు అప్పుడు రాజగును. ఈ ప్రమాదమునకు విరుగుడు చేతిలో మూడవ చిన్న ముక్క యుండుట. ఆసు, రెండు, మూడు, రాజు ఉన్నవానికి అదే ఫ్లాపుపై మేలుచేయు ముక్కలు 16 నుండి 21కి పెరుగును, సంభావ్యత 59 నుండి 72కు పెరుగును. ఆసు పడినను, రెండు పడినను, మూడు పడినను మిగిలిన జంటతో అతడు బయటపడును. చేతిలోని నాలుగవ ముక్క పనికిమాలినదైనచో ఆటగాడు ముగ్గురితో నలుగురిని ఎదుర్కొనుచున్నాడని అర్థము.

ఇక వెల సంగతి. ఫ్లాపులో రాశి 40 యుండగా ఒకడు 10 పందెము కట్టెననుకొందము. అనుసరించుటకు 10 పెట్టవలెను, ఎదుటనున్నది 50. చూపునకు ఒకటికి ఐదు. కాని చిన్నచేతికి మాత్రమే ఆశపడువానికి 60లో సగము 30, అందు తన 10 పోగా లాభము 20, అనగా ఒకటికి రెండు. అతని చిన్నచేతికి సమానమైనది మఱియొకని వద్ద నుండెనా, వచ్చునది 15, లాభము 5. రెండింటిని ఒడ్డి ఒకటికై ప్రాకులాడుట. కన్నులకు ఐదుగా కనబడిన వెల ఇట్లు రెండై, అరయై కరగిపోవును. ఈ లెక్కను ఫ్లాపు వద్దనే వేసికొననివాడు టర్నులో రెట్టింపు మూల్యము చెల్లించి నేర్చుకొనును.

చిన్నపక్షమును ఇద్దరు పంచుకొనగా రాశిలో నాలుగవ వంతు మాత్రము దక్కుటను ఆటగాండ్రు క్వార్టర్ అగుట యందురు. తొమ్మండుగురు కూర్చున్న బల్లపై 36 ముక్కలు జనుల చేతులలో నుండును గనుక, ఆసు-రెండు తన వద్దనే యున్నదని మురియుట వివేకము కాదు. రివరులో ముగ్గురు 20 చొప్పున పెట్టినచో చేరినది 60. నాలుగవ వంతు 15. ప్రతి పందెమునకు 5 నష్టము. నలుగురైనచో 80లో 20, లాభనష్టములు లేవు. ఐదుగురు ఉన్నపుడే 5 లాభము. కాబట్టి సాటిలేని చిన్నచేయి పట్టినవాడు, పెద్దచేతికి ఆశలేనపుడు, ఒకరిద్దరు ప్రత్యర్థుల నడుమ పందెమును పెంచుట తన జేబునే కత్తిరించుకొనుట. ఉత్తమమైన చేయి యుండియు పెంచకుండుట ఇతర పేకాటలలో పిరికితనము. ఇచట అదే పాండిత్యము. పెక్కుమంది ఆటగాండ్రకు ఈ ఒక్కవిషయము ఒంటబట్టుటకు ఏండ్లు పట్టును.

పెద్దపక్షపు చేతులలో మధ్యముక్కలు మాయలాడులు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుసగా చూడ ముచ్చటగా నుండును, రమ్మీ కన్నులకు మరింత ముచ్చట. కాని ఇవి వరుసగా కూర్పబడుటకు బల్లపై ఐదు, ఆరు, ఏడు వంటి ముక్కలు పడవలెను. అవి పడెనా, ఎవరికో చిన్నచేయి సిద్ధమైయుండును. గెలిచినను సగమే గెలుచుట వీని జాతకము. అట్లే రెండు జతలు, రాణితో మొదలగు ఫ్లష్, వరుసలో క్రిందికొన మొదలగునవి, నాలుగేసి ముక్కల వలన ఒక్కొకనికి ఆరు జంటలున్న ఈ ఆటలో తరచు రెండవస్థానమున నిలిచి సొమ్ము పోగొట్టును. ఫ్లాపులో రాజు, రాణి, తొమ్మిది పడి, చేతిలో రాజుల జత యున్నవాని సంగతి వేరు; బల్లపై చిన్న అంకె యొక్కటియు లేనపుడు మిగిలిన రెండు ముక్కలతో చిన్నచేయి ఏర్పడనేరదు, రాశియంతయు ఒక్కపక్షమునదే. అప్పుడు వెంటనే పెంచి, వరుసకై కాచుకొనియున్నవారి నుండి మూల్యము రాబట్టవలెను. అదే ఫ్లాపుపై ఆసు-రెండు వట్టివి పట్టుకొని కూర్చున్నవాడు సిగ్గుపడక లేచిపోవలెను.

రివరు దగ్గర ఈ కాఠిన్యమును సడలింపవలెను. రాశి 200కు పెరిగిన తరువాత ఎదిరి 20 పందెము కట్టగా, తన మధ్యమమైన చేతికి పెద్దసగము దక్కునేమో అను సందేహమున్నచో, 20 పెట్టి 120 పొందు అవకాశమది. ఆరింట ఒకసారి గెలిచినను నష్టము లేదు. ఫ్లాపులో ఉదారముగా నిలిచి రివరులో లోభియై పారిపోవువాడు తలక్రిందుగా ఆడుచున్నాడు. ఆసనక్రమము, ఎదిరి స్వభావమును చదువుట మొదలైనవి అన్ని పోకరు ఆటలకు సమానములే గనుక ఇచట చర్చింపబడలేదు.

రమ్మీ ఎరిగినవానికి ఈ విద్య కొంత సులభము, కొంత కష్టము. 101 పాయింట్ల ఆటలో మొదటనే డ్రాప్ అయినచో 20, నడుమ అయినచో 40, తుదకు చిక్కినచో 80 వరకు పడునని ఎరిగినవాడు, తొందరగా పోవుట వలని లాభమును వేరుగా నేర్వనక్కరలేదు. కాని పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొను శక్తి, న్యాయమూర్తులు మెచ్చిన ఆ శక్తియే, ఇచట నిరుపయోగము. విడిచిన చేతులు మూసియే పోవును. జ్ఞాపకమునకు బదులు గణనము కావలెను. జోకరు లేదు, ఉన్న లోటును పూడ్చు పరోపకారి యెవరును రారు.

న్యాయస్థితిని గూర్చి రెండు మాటలు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము నేర్పు ప్రధానమైన ఆటలను మినహాయించినను, 2020లో చేసిన సవరణతో ఆన్‌లైన్ రమ్మీ, పోకరు ఈ రాష్ట్రమున నిషిద్ధములైనవి. తెలంగాణ 2017లోనే అట్టి సవరణ చేసినది. హిందూపురము దాటగనే వచ్చు కర్ణాటకములో, 2013లో ఉన్నతన్యాయస్థానము పోకరును నేర్పుగల ఆటగా పరిగణించినది. గుజరాత్ ఉన్నతన్యాయస్థానము 2017లో అందుకు విరుద్ధముగా పలికినది. ఒకే పేక సరిహద్దు దాటిన మాత్రమున స్వభావము మార్చుకొనునా అని అడుగదగినదే. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము నేర్పు, అదృష్టము అను విచక్షణ లేకయే సొమ్ము ఒడ్డెడి ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించినది. శాలలలో ఆడునపుడు నిర్వాహకుడు రాశినుండి తీసికొను వాటాయును గమనింపదగినది. అతడు మొత్తము నుండి తీయును, గెలిచినవానికి సగమే దక్కును గనుక, హై-లో ఆటలో ఆ భారము చూపునకు తోచినదానికన్న హెచ్చు.

కావున అభ్యాసము సొమ్ము లేకయే చేయుట క్షేమము, సులభము కూడ. హిందూపురము చింతపండు మండీలకు పేరుపడినది. ఇంట చింతపిక్కలకు కొదవ యుండదు. నలుగురి చేతులను తెరచియే పంచి, ఫ్లాపు తెరచి, ఏ చేతికి ఏ పక్షమున ఎన్ని ముక్కలు మేలుచేయునో కాగితముపై వ్రాసికొని, పిదప టర్ను, రివరు తెరచి సరిచూచుకొనవలెను. ఒక్కొక ఫ్లాపును కదపకుండ నుంచి, మిగిలిన పేకను కలిపి, టర్ను-రివరులను మార్చి మార్చి తెరచినచో, 59 యనగా నేమో 72 యనగా నేమో పట్టికలు చూడకయే చేతికి తెలియును. పిక్కలను పందెముగా పెట్టి పంచునపుడు పెద్దపక్షము, చిన్నపక్షము వేర్వేరు కుప్పలుగా తీయుట మేలు. చిన్నకుప్పను ఇద్దరికి పంచవలసివచ్చినపుడు క్వార్టర్ అగుట కంటికి కనబడును. రాశి సరిగా రెండుగా తెగక ఒక పిక్క మిగిలినచో, అది పెద్దచేతి పక్షమునకు చెందును.